మూడుసార్లు తట్టితే దొరికినట్టు

బావగారి తోలు చెప్పులు తడిశాయి. కుళాయికి తగిలించిన పైపు పట్టుకుని ఆయన ఒకడుగు వెనక్కి వేసినప్పుడు మూసిన తలుపు అద్దంలోంచి ఆమెకు అది కనిపించింది, కనిపించగానే కడుపు చల్లబడింది. తడవాలి. చెప్పులు తడిసి, ప్యాంటు అంచులు తడిసి, ఆ అరిగిపోయిన మోకాళ్ళ దాకా చలి ఎక్కాలి. తలుపు కిందిభాగం మీద ఐదు నిమిషాలు నీళ్ళు పోస్తే సరిపోతుంది, అంతకు మించి పోయడం నీళ్ళు దండగ, అయినా పావుగంట నుంచి ఆమె తట్టకుండా కూర్చుంది. లోపలున్న మనిషి తట్టేదాకా బయటున్న మనిషి పైపు కదపకూడదు. ఇది నాన్న పెట్టిన పద్ధతి. నీళ్ళ చప్పుడులో మాటలు వినపడవు కాబట్టి కారు రేకు మీద వేలి కణుపులతో తట్టాలి. ఒకసారి తట్టితే ఆపు, రెండుసార్లు తట్టితే పైకి జరుపు, మూడుసార్లు తట్టితే దొరికినట్టు. పొడిగా ఉంటే తట్టక్కర్లేదు, ఊరికే చూస్తూ కూర్చోవడమే. ఈ పద్ధతి ఆయనకు గుర్తుందో లేదోనని పొద్దున అనుకుంది. గుర్తుంది. నాన్న దగ్గర నేర్చుకున్న పనంతా గుర్తుంది ఆయనకు, నాన్నే గుర్తులేడు.

బావగారు. ఆ మాట కూడా పగతో పెట్టుకున్నదే. అంతకు ముందు ఆమె నోట బావా, నువ్వు, ఏంటి బావా నువ్వు మరీనూ, అంతే. ఆయన టిఫిను డబ్బాలో బోల్టులు పోసి మూతపెట్టి, ఆకలితో తెరిచినప్పుడు ఆ మొహం చూసి పడీపడీ నవ్విన రోజులున్నాయి. ఆ సంగతి జరిగాక ఒక్కసారిగా బావగారూ, మీరు, కూర్చోండి, వెళ్ళొస్తారా. తిట్టి ఉంటే ఆయనా తిట్టేవాడు, దెబ్బలాడి ఉంటే అక్క మధ్యలో పడి సర్దేది, కానీ మర్యాద చేసేవాళ్ళను ఎవరేం చేస్తారు. ప్రతిసారీ ఆయన మొహం చిన్నబోయేది, అది చూసి ఆమె ఇంకో గారు తగిలించేది. ఇవాళ కూడా షెడ్డు గేటు దగ్గర కారు ఆపి దిగుతూ, "బాగున్నావా అమ్మాయ్" అన్నాడు. "మీ దయవల్ల బాగున్నాను బావగారూ" అంది. పైపు చేతిలో పెట్టింది, లోపలికెక్కి తలుపు వేసుకుంది.

డ్రైవరు పక్క సీటు విప్పి బయట పెట్టేసింది. బరువెక్కిన కార్పెట్టును చుట్ట చుట్టి వెనక్కి నెట్టి, ఉత్త రేకు మీద బాసింపట్టు వేసుకుని, నుదుటికి టార్చి కట్టుకుని కూర్చుంది. చుట్టూ సుద్దపొడి చల్లింది, తలుపు అంచుల్లో, డాష్‌బోర్డు కింద, నేల మీద. నీళ్ళు ఎంత దొంగచాటుగా వచ్చినా సుద్దపొడి మీద గీత పడకుండా పోలేవు. ఊళ్ళో మిగతా మెకానిక్కులు చేతులెత్తేసిన కార్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి, లీకులమ్మ దగ్గరికి పో అంటారు, ఎవరూ ఆ పేరుతో మొహం మీద పిలవరు గానీ ఆమెకు తెలుసు, లోలోపల ఆ పేరంటే ఇష్టం కూడా. అక్క ఫోన్ చేసినప్పుడు ముందు దగ్గింది, చాలాసేపు దగ్గి, "బావ కారు తీసుకొస్తాడే, చూసి పంపు, ఈ బూజు వాసనకే నా దగ్గు తగ్గట్లేదంటున్నారు ఆసుపత్రిలో" అంది. ఇంకాస్త ఆగి, "పాతవన్నీ తవ్వకు" అంది. తవ్వకపోతే లీకు ఎలా దొరుకుతుందక్కా అని అడగబోయి ఊరుకుంది. అక్క మంచిది. మంచిదే, కానీ ఆ రోజు అక్క మొగుడి వైపు నుంచుంది, ఒళ్ళో పసిపిల్లతో, నోట్లో నాలుక లేనట్టు.

కారు నిండా ఆ వాసన. నానిన నార, తుప్పు, మూతపెట్టి మరిచిపోయిన గిన్నె. ఇదే వాసన నాన్న చొక్కాలో ఉండేది, రోజంతా తడి కార్ల కడుపుల్లో దూరి పని చేసిన మనిషి వాసన, ఇంటికొచ్చి స్నానం చేసినా పోయేది కాదు, చిన్నప్పుడు ఆమె అది నాన్న వాసన అనుకునేది, తర్వాత తెలిసింది అది తడి వాసన అని. చివరి ఆరేళ్ళూ నాన్న దగ్గర ఆ వాసన లేదు. అప్పటి షెడ్డు గుమ్మం పక్కన స్టూలు మీద, ఉతికిన చొక్కా వేసుకుని, సబ్బు వాసనతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ శుభ్రం చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది. వచ్చిన ప్రతి కారు దగ్గరికీ ఆమెను పిలిచి ఒకటే మాట, "నీళ్ళు పోయే దారి ఉందా చూశావా అమ్మా?" చూశాను నాన్నా. "వేలు పెట్టి చూశావా?" చూశాను. చెవిలో జోరీగలా అదే, చనిపోయే ముందు వారం కూడా అదే. మనిషిని పని నుంచి తీసేస్తే మాటలు ఇలా ఒక్క చోట ఆగిపోతాయి కాబోలు అనుకుంది, అనుకున్న ప్రతిసారీ బావగారి మీద పళ్ళు నూరుకుంది.

రెండుసార్లు తట్టింది. పైపు తలుపు మధ్యకు జరిగింది. నీళ్ళు రేకు మీద పడి గలగలమంటున్నాయి, అద్దం మీద తెర దిగింది, తెర అవతల ఆయన మొహం కరిగి మళ్ళీ కుదురుకుంటోంది. ముసలివాడయ్యాడు. బాగా అయింది. ఈ కారు తెల్లగా ఉండేది, అప్పట్లో. ఒక డాక్టరమ్మది. ముందు అద్దం పగిలిపోతే కొత్త అద్దం వేయడానికి నాన్న దగ్గరికి తెచ్చింది, నాన్న వేశాడు, పంపాడు. మూడు నెలలకు వానలు మొదలయ్యాయి. మొదటి పెద్ద వానలోనే లోపల ఎక్కడో నీళ్ళు నిండి, ఫ్యూజుల పెట్టెలోకి దిగి, నడిరోడ్డు మీద కారు ఆగిపోయింది, వెనక వస్తున్న వ్యాను ఆగలేకపోయింది. డాక్టరమ్మ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్లు చేసే చెయ్యి. మళ్ళీ చేయలేదట ఆమె. తుక్కయిన వెనక భాగంతో కారును లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలారు, డాక్టరమ్మ తమ్ముళ్ళు ఇద్దరు వచ్చి గొంతులు చించుకున్నారు, పక్క షెడ్ల వాళ్ళంతా చేతులు కట్టుకుని చుట్టూ చేరారు. నాన్న వాళ్ళను దాటుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. వైపర్ల కింద మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉన్నాడు. టార్చి చూపిస్తూ పక్కనే నిలబడింది ఆమె, పందొమ్మిదేళ్ళ పిల్ల. నాన్న చెయ్యి బయటికి తీశాడు, వేలు చొక్కాకు తుడుచుకున్నాడు, ఆమె వైపు ఒకసారి చూశాడు, సిగ్గుతో చితికిపోయిన చూపు అది, తర్వాత అందరి వైపూ తిరిగి, "అద్దం నేను సరిగ్గా అతకలేదు. నాదే తప్పు" అన్నాడు.

అప్పుడు బావగారు. ఇంటి అల్లుడు, కొడుకులా చూసుకున్న మనిషి, స్క్రూడ్రైవరు పట్టుకోవడం దగ్గర నుంచి నాన్న చేతి కింద నేర్చుకున్న మనిషి. ముందుకొచ్చి, ఆమె చేతిలోంచి నాన్న అందుకున్న ఆ టార్చిని, అంతమంది ముందు, నాన్న చేతిలోంచి తీసుకున్నాడు. "మీ చేతులు ఇక పనికిరావు మామయ్యా. పక్కన కూర్చోండి" అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. నాన్న టార్చిని వెంటనే వదిలేశాడు, లాక్కోవాల్సిన అవసరమే రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ అరికాళ్ళ మంట నెత్తికెక్కుతుంది, ఎందుకు వదిలావు నాన్నా, ఎందుకు గట్టిగా పట్టుకోలేదు, ఆ అద్దం నువ్వు అతకలేకపోవడమేంటి, రెండు వేల అద్దాలు అతికినవాడివి, కళ్ళు మూసుకుని అతికేవాడివి, ఆయన అంటే మాత్రం నువ్వు తల దించుకుని వెళ్ళి స్టూలు మీద కూర్చోవడమేంటి.

పదహారేళ్ళు. అక్క కూతురికి మొన్ననే పదహారు నిండాయి, ఫోటో పంపించింది. ఈ పదహారేళ్ళలో ఆమె కోరుకున్నది ఒక్కటే. ఆ నోటితోనే, మామయ్య చేతులు బాగానే ఉన్నాయి అని ఆ మనిషి అనాలి. నేను తప్పుగా మాట్లాడాను అని కాదు, క్షమించమని కాదు, ఏడవనక్కర్లేదు. ఆ ఒక్క మాట. నాన్న ఉండగా అనిపించలేకపోయింది. నాన్న పోయిన రోజు శవం పక్కన కూర్చుని కూడా ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయింది, ఇప్పుడంటాడా, ఇప్పుడైనా, ఆయన తల వంచుకుని కూర్చున్నాడు, లేచి వెళ్ళి శవాన్ని తీసుకెళ్ళే వ్యానుకు ఏర్పాటు చేశాడు. ఆ తర్వాతే ఆమె షెడ్డు వదిలి వచ్చి ఇక్కడ సొంతంగా పెట్టుకుంది. పగ కూడా ఒక పనే. పొద్దున లేచి దాని దుమ్ము దులపాలి, తుప్పు పట్టకుండా చూసుకోవాలి, పదును పోకుండా చూసుకోవాలి, ఆమె అశ్రద్ధ చేయలేదు ఏనాడూ. అన్నిటికన్నా మండేది ఈ కారు. డాక్టరమ్మ వద్దనుకున్న కారును ఈయనే కొన్నాడు. బాగుచేశాడు, రంగు మార్చాడు, పదహారేళ్ళు దీంట్లోనే తిరిగాడు, దేనికి, వచ్చేపోయేవాళ్ళకు చూపించడానికి కాకపోతే, ఇదిగో మా మామయ్య పాడుచేసిన కారు, నేను కాబట్టి నడుపుకుంటున్నాను అని. పోనీ లీకైనా బాగుచేసుకున్నాడా అంటే అదీ లేదు, నేల రేకులో రబ్బరు మూతలు ఊడబీకి వదిలేశాడు, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే రోడ్డు మీదకి కారిపోయేలా. పని తెలిసినవాడు చేసే పనేనా అది.

జేబులో స్పాంజి ముక్క ఉంది. అరచేతి మందం. పొద్దున కావాలనే పెట్టుకుంది. డాష్‌బోర్డు కింద గాలి లోపలికొచ్చే గొట్టం ఉంటుంది, దాంట్లో ఈ ముక్క కుక్కితే నాలుగు వానలు చప్పుడు చేయకుండా తాగుతుంది. నేల ఎండుతుంది, వాసన పోతుంది, అక్క ఫోన్ చేసి నీ చెయ్యి బంగారం అంటుంది. ఐదో వానకు తాగిందంతా ఒక్కసారి కక్కుతుంది, సరిగ్గా ఫ్యూజుల పెట్టె మీద. నడిరోడ్డు మీద ఆగిపోతాడు. తోసేవాళ్ళు ఉండరు, అందరూ చూస్తారు, హారన్లు మోగుతాయి, ఫోన్ చేస్తాడు, ఆమె వెళుతుంది, తీరిగ్గా వెళుతుంది, గొడుగేసుకుని. అప్పుడు అంటుంది. మీ చేతులు ఇక పనికిరావు బావగారూ, పక్కన కూర్చోండి. పక్క సీట్లో అక్క ఉంటుందేమో. వెనక వ్యాను. ఆ ఆలోచన దగ్గర మనసు కొంచెం తడబడింది, తడబడి, ఉంటే ఉండనీ, అక్క మాత్రం ఆ రోజు నోరు విప్పిందా అని మొండికేసి ముందుకు పోయింది.

తలుపు పొడిగా ఉంది. రెండుసార్లు తట్టింది. ఇప్పుడు అద్దం. నాన్న అతికిన అద్దం, ఎవరూ మార్చలేదు, మూలన ఆ రోజుల్లో నాన్న అంటించే చిన్న నీలం బిళ్ళ ఇంకా ఉంది. ఆమె వెన్ను నిటారయింది. ఈ పరీక్ష పదహారేళ్ళ కిందట ఎవరూ చేయలేదు, నాదే తప్పు అని నాన్నే అన్నాక ఎవరు చేస్తారు. కింది అంచు మీద ధార పడింది. ఆమె టార్చి వెలుగు అంచు వెంట పోనిచ్చింది, అంగుళం అంగుళం. ఇటు మూల. మధ్య. అటు మూల. సుద్దపొడి తెల్లగా ఉంది. రెండుసార్లు తట్టింది, పక్క అంచు. తెల్లగానే ఉంది. మళ్ళీ తట్టింది, పై అంచు. ఎక్కడా చుక్క లేదు. పదహారు వానాకాలాలు, పదహారు ఎండాకాలాలు, రబ్బరు ఎండి పగలాల్సిన వయసు, అయినా చుక్క లేదు. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది. చూశావా, చూశారా, పక్క షెడ్ల వాళ్ళంతా రండి, డాక్టరమ్మ తమ్ముళ్ళను పిలవండి, మా నాన్న అద్దం ఇది, చుక్క వదల్లేదు. మరి నాన్నా, ఎందుకు అన్నావు నాదని. భయపడ్డావు. అంతమంది అరుస్తుంటే, సొంత అల్లుడు అలా కళ్ళెర్రజేసి చూస్తుంటే.

అప్పుడే మోకాలి దగ్గర టప్ మంది. చూసింది. డాష్‌బోర్డు కింద, గాలి గొట్టం నోట్లోంచి, ఇంకో చుక్క, తర్వాత సన్నటి ధార, సుద్దపొడిని చీల్చుకుంటూ వంకర గీత గీసుకుంటూ నేల మీదకి, అక్కడి నుంచి మూతలేని బెజ్జంలోకి. అయితే అద్దం కాదు, అద్దం కింద. వైపర్ల కింద కాలువలో. వాన నీళ్ళు అద్దం మీద నుంచి జారి ఆ కాలువలో పడాలి, కాలువ రెండు కొసల్లో ఉన్న బెజ్జాల్లోంచి చక్రాల వెనక్కి కారిపోవాలి. ఇటువైపు బెజ్జం మూసుకుపోయింది, కాలువ నిండుతోంది, పొంగి గాలి గొట్టంలోకి దిగుతోంది. నీళ్ళు లోపలికి వస్తాయమ్మా, ఏ కారులోకైనా వస్తాయి, రాకుండా చేయడం మన వల్ల కాదు, పోయే దారి మూసుకుపోకుండా చూడటమే మన పని, నాన్న గొంతు. కాలువ పని ఎవరిది ఆ రోజుల్లో? తుప్పు గీకడం, రేకు అతకడం, సందులు పూడ్చే సీలెంటు పూయడం ఎవరి పని? అద్దాలు నాన్నవి, రేకు పనంతా బావగారిది. దొరికాడు. పదహారేళ్ళకు, తన చేతికే, తన షెడ్డులోనే. స్పాంజితో పనేముంది ఇక. ఈయన పూసిన సీలెంటును ఈయన కళ్ళ ముందే పీకి, ఈయన అరచేతిలో పెట్టి, మొహం చూస్తూ నిలబడాలి, అంతే, ఇంతకన్నా ఏం కావాలి. మూడుసార్లు తట్టింది. కణుపుల తోలు లేచిపోయేలా తట్టింది.

నీళ్ళు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుని దిగింది. ఎండ కళ్ళల్లో పడింది. ఆయన పైపు పట్టుకునే ఉన్నాడు, మోకాళ్ళ దాకా తడిసి, "ఎక్కడ?" అన్నాడు.

"వైపర్ల కింద. విప్పాలి."

ఆయన మొహంలో రంగు మారింది, స్పష్టంగా చూసింది ఆమె. "విప్పక తప్పదా?" అన్నాడు.

"భయమేస్తోందా బావగారూ?"

ఆయన చూపు వైపర్ల మీదికి పోయింది. అబ్బ, ఆ భయం ఎంత బాగుందో, ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నవాడికి అన్నం వాసనలా ఉంది. పానా పెట్టి వైపర్లు విప్పింది, ఒక్కొక్క బోల్టూ నిదానంగా, ఆయన్ను నిలబెట్టి, ప్లాస్టిక్ మూత ఎత్తి పక్కన పెట్టింది. కింద కాలువ నిండా నల్ల నీళ్ళు, కుళ్ళిన ఆకులు. చొక్కా చెయ్యి మడిచి మోచేతి దాకా ముంచింది. నాన్న కూడా ఇలాగే, ఇక్కడే. వేలు బురదలోంచి కొస దాకా పోయింది, బెజ్జం ఉండాల్సిన చోట మెత్తగా, గట్టిగా, రబ్బరులా తగిలింది. సీలెంటు. ఎంత శుభ్రంగా మూశాడు, చుట్టూ అంచు కూడా సరిచేసి. బావగారు అంచులు సరిచేయడు కదా, కత్తితో బరుకుతాడు, ఆయన పని ఎప్పుడూ మొరటే. నాన్న అయితే సబ్బు నీళ్ళలో బొటనవేలు ముంచి ఒక్క రుద్దు రుద్దుతాడు, అద్దంలా నున్నగా. ఇది నున్నగా లేదు. ఇది వేలికి మెట్లు మెట్లుగా తగులుతోంది. చిన్న చిన్న వంపులు, ఒకదాని పక్కన ఒకటి, గుండ్రంగా చుట్టూ.

వేలు అక్కడే ఆగిపోయింది.

చిటికెన వేలి గోరు. సీలెంటు పూశాక చిటికెన వేలి గోరుతో అంచు వెంట ఒక్కొక్క నొక్కు నొక్కుకుంటూ పోయేది ఒక పిల్ల, గోరు పెంచుకుని మరీ, నాన్న నవ్వి, సంతకం పెట్టావా అనేవాడు. ఏ కారు, ఎప్పుడు. ఈ కారే, అద్దం అతికిన రోజు మధ్యాహ్నం. నాన్న లోపల చేతులు కడుక్కుంటున్నాడు. బావ లేడు, ఆ రోజు బావ షెడ్డులోనే లేడు, అక్కకు నొప్పులొచ్చి ఆసుపత్రిలో ఉన్నాడు, అందుకే కాలువలో తుప్పు మీద సీలెంటు పూయమని నాన్న ఆమెకు చెప్పాడు. తుప్పు గీకింది. పూసింది. మూలన ఇంకో బెజ్జం కనిపించింది, తుప్పు తినేసిన బెజ్జం అనుకుంది, నాన్న చెప్పకుండానే తనే కనిపెట్టానని ఎంత గర్వపడింది, నిండుగా నింపింది, చుట్టూ గోరు నొక్కులు పెట్టింది, ఒక్క నిమిషం పని, అదే గంటలో పాప పుట్టిందని ఫోన్ వచ్చింది, అందరూ ఆసుపత్రికి పరుగెత్తారు, ఆ ఒక్క నిమిషం మళ్ళీ ఎప్పుడూ గుర్తు రాలేదు. ఒక్కసారి కూడా. నాన్న వేలు ఇక్కడే ఆగింది. టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డ ఆమె వైపు చూశాడు. అది సిగ్గు కాదు. అంతమంది అరుస్తుంటే ఆ పిల్లను చూసి, వేలు తుడుచుకుని, నాదే అన్నాడు. టార్చి ఊరికే వదిలేశాడు. ఆ వారమే, గోళ్ళు కత్తిరించుకో అమ్మా, ఈ పనికి గోళ్ళు వద్దు అన్నాడు, తనే దగ్గర కూర్చోబెట్టుకుని కత్తిరించాడు, పందొమ్మిదేళ్ళ పిల్లకు. నీళ్ళు పోయే దారి ఉందా చూశావా. వేలు పెట్టి చూశావా. ఆరేళ్ళు, స్టూలు మీద కూర్చుని.

కొక్కెం తీసుకుని లాగింది. గట్టిగా పట్టుకుని ఉంది, రెండోసారికి ఊడింది, కాలువలో నీళ్ళు ఒక్కసారి గుటక వేసి కిందికి దిగిపోయాయి, ముందు చక్రం వెనక నుంచి బొళబొళా కారి ఆయన చెప్పుల మీదికే పోయాయి. ఆయన కదల్లేదు. నల్లటి బిరడా ఆమె అరచేతిలో ఉంది, బొటనవేలంత. పారేయొచ్చు. ఆకులతో కలిపి చెత్తలో వేస్తే అయిపోతుంది. తుప్పు అనొచ్చు, ఆకులు అడ్డుపడ్డాయి అనొచ్చు, మీ సీలెంటే బావగారూ అని కూడా అనొచ్చు, నోటి దాకా వచ్చింది, ఆయన కాదనలేడు, ఎవరికి గుర్తుంటుంది.

"ఇది ఎవరిదో తెలుసా మీకు?" అంది.

ఆయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "తెలీదు. తెలుసుకోవద్దన్నాడు మామయ్య."

"ఎప్పుడు?"

"స్టూలు మీద కూర్చున్న కొత్తలో. ఆ కారు నువ్వే కొను, ఎవరి చేతికీ పోనివ్వకు, వైపర్ల కింద మాత్రం విప్పకు అన్నాడు. ఎందుకు అంటే, నీకెందుకు అన్నాడు. ఆయనతో అంత మాట అన్నాక ఇంకేం అడుగుతాను? సరేనన్నా." పైపు చివర నుంచి కారుతున్న చుక్కల్నే చూస్తూ చెప్పాడు. "మరీ తప్పకపోతే చిన్నదాని చేతే విప్పించు, ఇంకెవరి చేతా వద్దు అన్నాడు. మీ అక్క దగ్గు చూడలేక తెచ్చా."

పదహారేళ్ళు ఈ తడిలో కాళ్ళు పెట్టుకుని తిరిగాడు. ఆమె బిరడాను ఆయన అరచేతిలో పెట్టింది. బురద తుడిచి, తన చిటికెన వేలి కొసను ఒక వంపులో ఆనించింది. సరిగ్గా పట్టింది. పక్క వంపులో, ఆ పక్క వంపులో. ఆయన దాన్ని చూశాడు, ఆమె వేలిని చూశాడు, ఒక్కో ఏడూ వెనక్కి లెక్కపెట్టుకుంటున్నట్టు ఆయన కళ్ళు కదిలాయి, చివరికి ఆగాయి.

"పోనీలే" అన్నాడు మెల్లిగా. "చిన్నపిల్లవి అప్పుడు."

దాంతో కోపం తలకెక్కింది ఆమెకు. తిట్టు, కొట్టు, ఈ పైపుతోనే కొట్టు, పోనీలే ఏంటి, ఎవరిచ్చారు నీకు పోనీలే అనే హక్కు. "పోనీలే అనకు బావా" అంది. "ఆ రోజు అందరి ముందూ అన్నావు. ఏమన్నావో గుర్తుందిగా? ఇప్పుడు అను."

ఆయనకు అర్థమైంది. అడగలేదు ఏమనాలని. షెడ్డులో వాళ్ళిద్దరే, వినడానికి ఎవరూ లేరు, పక్క షెడ్ల వాళ్ళు లేరు, డాక్టరమ్మ తమ్ముళ్ళు లేరు, స్టూలు లేదు. గొంతు సవరించుకున్నాడు.

"మామయ్య చేతులు బాగానే ఉండేవి" అన్నాడు బావ.

వచ్చింది. ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న కోపమంతా ఆ మాట కోసం గుమ్మంలో నిలబడి ఉంది, మాట వచ్చేసింది, కోపం మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. ఎవరి మీదికి పోవాలో తెలియక అలాగే నిలబడి, నెమ్మదిగా ఇటు తిరిగింది. ఆమె పిడికిలి బిగించింది, అరచేతిలో గోళ్ళు దిగేలా, నెత్తురొచ్చేలా బిగించాలని. గోళ్ళు దిగలేదు. నాన్న ఎప్పుడో కత్తిరించేశాడు, అప్పటి నుంచి పెరగనివ్వలేదు తను. జేబులో స్పాంజి తగిలితే తీసి, దాంతో కాలువ అంతా తుడిచింది, మూలమూలలా, బెజ్జంలో వేలు పెట్టి అవతలికి పోతోందో లేదో చూసింది. మూత పెట్టింది. వైపర్లు బిగించింది. నేల రేకుకు రబ్బరు మూతలు కొత్తవి వేసింది. పని పూర్తయ్యాక మళ్ళీ పరీక్షించకుండా బండి పంపకూడదు.

"మళ్ళీ పొయ్యి బావా" అంది. లోపలికెక్కి తలుపు వేసుకుంది. పాత సుద్దపొడి ఊడ్చి కొత్తది చల్లింది, టార్చి సరిచేసుకుని, ఉత్త రేకు మీద కూర్చుని, గాలి గొట్టం కింద అరచెయ్యి పట్టింది. బయట కుళాయి తిప్పిన చప్పుడు. అద్దం మీద ధార పడింది, నాన్న నీలం బిళ్ళ మీదుగా జారింది, కాలువలోకి దిగి, ఎక్కడో కింద, చక్రం వెనక నుంచి నేల మీద పడుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అరచేతిలో చుక్క పడలేదు. బావ ఎదురు చూస్తున్నాడు. తెర అవతల ఆయన మొహం కరుగుతోంది, కుదురుకుంటోంది, చెప్పులు పూర్తిగా నానిపోయి ఉంటాయి. ఐదు నిమిషాలయింది, పది అయింది. ఆపమనడానికి ఒకసారి తట్టితే చాలు. చెయ్యి రేకు దాకా పోయి వెనక్కి వచ్చింది. నేలంతా తెల్లగా ఉంది. పొడిగా ఉంటే తట్టక్కర్లేదు, ఊరికే చూస్తూ కూర్చోవడమే. ఆమె తట్టలేదు.